ర్యామ్ పెంచినప్పటి నుంచి మూడో మదర్‌బోర్డు పోయింది.. తప్పు ర్యామ్‌దేనా?

అల్లూరు_అబ్బాయి
ఫిబ్రవరిలో లాప్‌టాప్‌కి ర్యామ్ పెంచాను. ఉన్న 8 జీబీ పక్కన ఖాళీ స్లాట్‌లో ఇంకో 16 వేశాను. అప్పటి నుంచి దరిద్రం పట్టుకుంది. పదకొండో రోజు ఆఫీసు కాల్‌లో ఉండగా ఠక్కున ఆరిపోయింది, మళ్లీ వెలగలేదు. వారంటీ ఉంది కాబట్టి సర్వీస్ సెంటర్ వాళ్లు మదర్‌బోర్డు పోయిందని కొత్తది ఉచితంగానే వేసిచ్చారు. ఇంటికి తెచ్చాక మూడు వారాలు పనిచేసింది. ఈసారి మంచం మీద నుంచి ఎడమ చేత్తో మూల పట్టుకుని ఎత్తానో లేదో, పోయింది. మళ్లీ కొత్త బోర్డు. నిన్న రాత్రి అదీ పోయింది. కంపెనీ నుంచి వచ్చింది ఒకటి, తర్వాత వేసినవి రెండు, మొత్తం మూడు.

ఇప్పుడు సెంటర్ వాళ్లు "బయటి ర్యామ్ వేశారు కదా సార్, దానివల్లే" అని చేతులెత్తేశారు. ఇంకో బోర్డు కావాలంటే 28 వేలు కట్టమంటున్నారు. లాప్‌టాప్ కొన్నదే 52 వేలకి. ర్యామ్ వల్ల ఇట్టా బోర్డు మీద బోర్డు పోతుందా? మాది అల్లూరు పక్కన పల్లె, చుట్టూ రొయ్యల గుంటలు. కరెంటు సంగతి మీకు చెప్పక్కర్లేదు.

ఒంగోలు_గిత్త
ర్యామే. ఇందులో ఆలోచించేదేముంది? వేయకముందు బాగుంది, వేశాక పోయింది. నా పాత లాప్‌టాప్‌కీ ఇంతే. డీడీఆర్3 రకం ర్యామ్ అని షాపువాడు ఇచ్చింది తెచ్చి వేశాను, తెర నల్లగా అయిపోయింది. తర్వాత తెలిసింది, నా దానికి 1.35 వోల్టులతో నడిచే డీడీఆర్3ఎల్ కావాలి, వాడిచ్చింది 1.5 వోల్టులది. రెండూ చూడ్డానికి ఒకటే, రెండింటికీ 204 పిన్నులే, స్లాట్‌లో చక్కగా కూర్చుంటుంది.

చేపల_పులుసు_99
గిత్తన్నా, తర్వాత నీ బోర్డు పోయిందా?

ఒంగోలు_గిత్త
పోలేదు. ర్యామ్ తీసేశాక వెలిగింది.

చేపల_పులుసు_99
మరింకేం, నీ కథకీ ఆయన కథకీ సంబంధం లేదుగా.

ఒంగోలు_గిత్త
ఎక్కువసేపు ఉంచితే పోయేదేమో ఎవరికి తెలుసు. నేను తొందరగా తీశా కాబట్టి బతికింది.

అద్దంకి_అక్క
నిజంగా బోర్డు పోయిందని ఎవరు తేల్చారు? మా స్కూల్ ల్యాబ్‌లో కొత్త ర్యామ్ వేసిన రోజు రెండు మిషన్లు వెలగలేదని గగ్గోలు పెట్టాం. ర్యామ్ మారిస్తే మొదటిసారి ఆన్ చేసినప్పుడు మిషన్ దాన్ని పరీక్షించుకుని వేగం సరిచూసుకుంటుంది. అప్పుడు ఒకటి రెండు నిమిషాలు తెర నల్లగానే ఉంటుంది. మేమేమో పదే పదే ఆఫ్ చేసి ఆన్ చేసి దాన్ని మొదటికి తెస్తున్నాం. వదిలేసి టీ తాగి వచ్చేసరికి వెలిగింది.

అల్లూరు_అబ్బాయి
అక్కా, అది కాదు. నాది పదకొండు రోజులు నడిచాక పోయింది. ఇప్పుడు బటన్ నొక్కితే ఫ్యాన్ కూడా తిరగదు. ఇంకోటి, చార్జర్ పిన్ను గుచ్చగానే చార్జర్ ఇటుక మీదుండే చిన్న లైటు ఆరిపోతుంది. పిన్ను పీకేసి, ప్లగ్గు తీసి పెడితే మళ్లీ వెలుగుతుంది. మూడుసార్లూ ఇట్టానే అయింది.

రొయ్య_రాజా
నేను చెప్తా విను, ఇది ర్యామూ కాదు గీమూ కాదు, ఎర్తింగ్. నాకు గుంట దగ్గర షెడ్డులో లాప్‌టాప్ ఉంది, మేత లెక్కలు దాంట్లోనే రాస్తా. గుంటల్లో నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్ మోటార్లు ఒక్కొక్కటి స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలు కన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. అన్నీ ఒక్కసారి వేస్తే ఊళ్లో బల్బులు కూడా ఒకసారి తల దించి ఎత్తుతాయి. ఒట్టి కాళ్లతో నిలబడి లాప్‌టాప్ రేకు మీద మణికట్టు ఆనిస్తే చీమలు పాకినట్టు ఉంటుందా ఉండదా? ఉంటే ఎర్త్ లేనట్టే. చార్జర్ లోపల కరెంటు గోల అణచడానికి ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది, అది ఎర్త్‌కి వదలాల్సింది వదలలేక నీ చేతికి వదులుతుంది. ప్రాణం మీదికి రాదు గానీ చిరాకు.

మాది ఉప్పు నేల కాబట్టి ఎర్త్ పిట్‌లో పైపు నాలుగేళ్లలో పొడి అయిపోయింది. మళ్లీ తవ్వి, బొగ్గు, ఉప్పు వేసి కొత్త పైపు దించాం. ఎండాకాలంలో వారానికి రెండు బిందెల నీళ్లు పోస్తాం. ఆ తర్వాత చీమలు పోయాయి.

అల్లూరు_అబ్బాయి
చీమలు ఉన్నాయి రాజన్నా. మా అమ్మ "దాన్ని ముట్టుకుంటే జివ్వుమంటాది" అని తుడవడం కూడా మానేసింది.

రొయ్య_రాజా
ఇంకేం, దొరికింది.

గ్రానైట్_పొడి
మాది చీమకుర్తి. మాకు ఎర్తింగ్ బానే ఉంది, కరెంటూ బానే ఉంది, లాప్‌టాప్‌లే ఉండవు. క్వారీ పొడి ఫ్యాన్‌లోకి పోయి గట్టి పడుతుంది. ఏడాదికోసారి విప్పి బ్రష్‌తో దులపకపోతే వేడికే చస్తుంది. నీది విప్పి దులిపావా ఎప్పుడైనా?

చేపల_పులుసు_99
ఒకరు ఉప్పు, ఒకరు రాయి. ఎవరి ఊరి రోగం వాళ్లు అంటిస్తున్నారు 😄

పినాకిని_ప్యాసింజర్
ఇక్కడ ఎందుకు కొట్టుకుంటారు, పినాకిని రైలెక్కి చెన్నై పో, ఎలక్ట్రానిక్స్ సామాన్లమ్మే రిచీ స్ట్రీట్‌లో బోర్డు సగం ధరకి దొరుకుతుంది. సెంట్రల్‌కి దగ్గరే.

అల్లూరు_అబ్బాయి
కొన్న బోర్డు కూడా మూడు వారాల్లో పోతే? కారణం తెలియకుండా నాలుగోది వేయడానికి చేతులు రావట్లేదు అన్నా.

టంకం_బాషా
నెల్లూరులో పద్నాలుగేళ్లుగా చిప్ లెవెల్ రిపేర్లు చేస్తున్నా, అంటే బోర్డు మార్చకుండా దాని మీది చిన్న చిప్‌లు మార్చి బాగుచేయడం. పైన ఇన్ని మాటల్లో పనికొచ్చే మాట ఒక్కటే ఉంది, చార్జర్ లైటు ఆరిపోవడం. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

చార్జర్ నుంచి వచ్చేది 19 వోల్టుల చిల్లర. అది బోర్డులోకి రాగానే మొదట రెండు మాస్‌ఫెట్‌లు దాటాలి, అంటే కరెంటుని వదిలే, ఆపే స్విచ్‌ల్లాంటి చిన్న చిప్‌లు. ఆ లైన్ ఎక్కడైనా గ్రౌండ్‌కి, అంటే సున్నా వోల్టుల వైపుకి, తగిలితే చార్జర్ తన్ను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది, లైటు ఆరుతుంది. ర్యామ్ బతికేది 1.2 వోల్టుల మీద, డీడీఆర్4 అయితే. దాని సరఫరా వేరే చోట, వేరే ఐసీ (చిప్) నుంచి వస్తుంది. ర్యామ్‌లో షార్ట్ ఉంటే ఆ ఐసీ ఆగిపోతుంది, మిషన్ వెలగదు, ర్యామ్ తీస్తే వెలుగుతుంది. గిత్తగారికి జరిగింది కూడా ఆ బాపతే. ర్యామ్ చెడి 19 వోల్టుల లైన్‌ని కాల్చడం నేను చూడలేదు. అందులో మూడుసార్లు, మూడు కొత్త బోర్డుల మీద, అసలే నమ్మను.

ఎర్తింగ్ చేయించుకో, మంచిదే. కానీ ఎర్త్ లేని ఇళ్లు జిల్లాలో సగం ఉంటాయి, అందరికీ నెలకో బోర్డు పోవట్లేదు కదా.

మూడు బోర్డులూ మారాయి. మారనివి ఏవి? చార్జర్, బ్యాటరీ, చార్జింగ్ జాక్ వైరు, ర్యామ్, బాడీ. తప్పు వీటిలోనే ఉంది. ముందు ఒకటి చెప్పు, ర్యామ్ ఎవరు వేశారు?

అల్లూరు_అబ్బాయి
తెలిసినవాళ్లతో వేయించాను.

టంకం_బాషా
తెలిసినవాళ్లంటే షాపా?

అల్లూరు_అబ్బాయి
కాదు.

చేపల_పులుసు_99
ఆ తెలిసినాయన నీకు అద్దంలో కనిపిస్తాడా?

అల్లూరు_అబ్బాయి
సరే, నేనే. వీడియో చూసి వేశాను. బ్యాటరీ కనెక్టర్ తీయలేదు, దానివల్లా?

టంకం_బాషా
తీయాల్సింది. స్విచ్ ఆపినా బ్యాటరీ ఉన్నంతసేపు బోర్డు మీద కొన్ని లైన్లలో కరెంటు ఉంటుంది, ర్యామ్ వంకరగా దిగితే ఆ క్షణమే ఏదో ఒకటి పోవచ్చు. అయితే పోతే అప్పుడే పోతుంది, పదకొండు రోజులు ఆగదు. పైగా తర్వాత రెండు బోర్డులు సెంటర్ వాళ్లు బిగించారు. అది కాదు.

స్క్రూల సంగతి చెప్పు. అన్నీ ఒకటే పొడవా?

అల్లూరు_అబ్బాయి
బాషా భాయ్, అక్కడే ఒకటి జరిగింది. వెనక మూతకి పదకొండు స్క్రూలు. టిఫిన్ బాక్స్ మూతలో వేసి పక్కన పెట్టుకున్నా. మా అక్క కూతురు పాకుతూ వచ్చి మూత తిరగేసింది. మంచం కింద, చాప కింద వెతికి పదకొండూ ఏరాను. ముందు అది నోట్లో ఒకటి పెట్టుకుందేమోనని భయం, అందుకే లెక్క సరిపోగానే దేవుడా అనుకుని ఎక్కడ పడితే అక్కడ బిగించేశా. పొడవు చూడలేదు.

అద్దంకి_అక్క
పాప బాగుందిగా?

అల్లూరు_అబ్బాయి
బాగుంది అక్కా, ఇప్పుడు నడుస్తోంది కూడా. ఇంకా ప్రమాదం.

వాది_ప్రతివాది
ఆగండి. విప్పొద్దు. విప్పితే మీరే పాడుచేశారంటారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయొచ్చు, 5 లక్షల లోపు విలువకి ఫీజు కూడా లేదు. జాబ్ షీట్లు మూడూ దాచి ఉంచండి.

టంకం_బాషా
సార్, మీరు చెప్పింది సరే. కానీ తప్పు ఈయనదే అయితే అక్కడిదాకా వెళ్లి పరువు పోగొట్టుకోవడం ఎందుకు? విప్పకుండానే చూసే దారి ఉంది.

తమ్ముడూ, చార్జర్ పీకి, మూతకున్న స్క్రూ ఒక్కటే తియ్యి, మూత తీయొద్దు. సన్నటి చీపురు పుల్ల ఆ రంధ్రంలో నిలువుగా, నెమ్మదిగా దించు. ఆగినచోట స్క్రూ తల కూర్చునే మట్టానికి గోటితో గుర్తు పెట్టు. బయటికి తీసి స్క్రూ పక్కన పెట్టి చూడు. పుల్ల కన్నా స్క్రూ పొడుగుంటే ఆ రంధ్రానికి ఆ స్క్రూ కాదు. పదకొండూ ఇట్టానే చూడు. ఎడమ వైపు, చార్జింగ్ పిన్ను మూలన ఉన్నది ముందు చూడు. ఆ మూల పట్టుకుని ఎత్తగానే పోయిందన్నావుగా.

ఒంగోలు_గిత్త
మూడు కొత్త బోర్డులు పోవడానికి చీపురు పుల్లతో వైద్యమా 🙏

గ్రానైట్_పొడి
చార్జింగ్ మూల స్క్రూ నాది కూడా రెండోసారి బిగించేప్పుడు పట్టలేదు, టేపు వేశా.

చేపల_పులుసు_99
టేపు వేసినోళ్లు కూడా సలహాలు చెప్తున్నారు.

అల్లూరు_అబ్బాయి
చూశాను. చేతులు వణికాయి గానీ చూశాను.

స్క్రూలు రెండు రకాలు. ఎనిమిది పొట్టివి, మూడు పొడుగువి. పొట్టివి 4 మిల్లీమీటర్లు, పొడుగువి 6. మా నాన్న దగ్గర టైలర్ స్కేలు ఉంటే దాంతో కొలిచా. ఎడమ మూల రంధ్రంలో పుల్ల 5 దగ్గర ఆగింది. అందులోంచి తీసిన స్క్రూ పొడుగుది, 6. కుడి మూలనా పుల్ల 5 దగ్గరే ఆగింది, దాంట్లో ఉన్నది పొట్టిది. తెర మడతల దగ్గర ఉన్న మూడు రంధ్రాల్లో పుల్ల లోతుగా దిగింది, పొడుగువి మూడూ అక్కడివే అనుకుంటా. అక్కడ ఒకదాంట్లో పొట్టిది ఉంది, సగం వేళ్లాడుతోంది.

ఇంకోటి. ఎడమ మూల నుంచి తీసిన స్క్రూ మొన నల్లగా ఉంది. మిగతావి మెరుస్తున్నాయి.

టంకం_బాషా
దొరికింది.

ఇక మూత తియ్యి. బ్యాటరీ కనెక్టర్ ముందు లాగు. ఆ రంధ్రం సూటిగా బోర్డు మీద ఎక్కడ దిగుతుందో అక్కడ చూసి ఫొటో పెట్టు.

అల్లూరు_అబ్బాయి
ఫొటో పెట్టాను. ఫోన్ టార్చి వేసి, అమ్మ భూతద్దం అడ్డం పెట్టి తీసింది. ఆవగింజంత నల్ల మచ్చ, మధ్యలో రాగి రంగు చుక్క. పక్కనే ఎనిమిది కాళ్ల చిన్న ఐసీ, దాని మూల బొబ్బ లేచినట్టుంది.

టంకం_బాషా
అదే మొదటి మాస్‌ఫెట్. రాగి చుక్క ఉన్నచోట బోర్డు పైపూత అరిగిపోయింది. దాని కింద నడిచేది 19 వోల్టుల లైన్. స్క్రూ మరలు పట్టేది ఇత్తడి గూటిలోకి, ఆ గూడు రేకుకి, రేకు గ్రౌండ్‌కి. అంటే స్క్రూ మొనే గ్రౌండ్.

అది బిగించిన రోజే షార్ట్ కాదు, పైపూత అడ్డం ఉంటుంది. రోజూ వేడికి బోర్డు సాగుతుంది, చల్లారి ముడుచుకుంటుంది. నువ్వు మూల పట్టి ఎత్తినప్పుడల్లా బాడీ కాస్త వంగి మొన గీరుతుంది. గీరి గీరి ఒకరోజు రాగి తగులుతుంది. ఒకసారి పదకొండు రోజులు, ఒకసారి మూడు వారాలు పట్టడం అందుకే.

చేపల_పులుసు_99
ఒక్క మిల్లీమీటరుకి 28 వేలు. మా ఊళ్లో సెంటు స్థలం ఇంకా చౌక.

ఒంగోలు_గిత్త
ఒక్క అనుమానం. నువ్వు తప్పు బిగించావు, ఒప్పుకుంటా. మరి సెంటర్ వాళ్లు రెండుసార్లు మూత తీసి బిగించారు కదా, వాళ్లకి ఏ స్క్రూ ఎక్కడో తెలియదా?

టంకం_బాషా
గిత్తగారూ, ఇది మంచి ప్రశ్న. మేమందరం స్క్రూలు తీసేటప్పుడు ఏ రంధ్రంలోది ఆ వరసలోనే అయస్కాంతం చాప మీద పేరుస్తాం, మళ్లీ అదే వరసలో బిగిస్తాం. కలవకుండా ఉండాలనే ఆ పద్ధతి. వచ్చేటప్పుడే తప్పు చోట ఉంటే ఎంత శ్రద్ధగా చేస్తే అంత శ్రద్ధగా ఆ తప్పు మళ్లీ చేస్తాం. నేనూ చేసి ఉంటా, తెలియదు.

వాది_ప్రతివాది
అయినా కాలిన మాస్‌ఫెట్ పక్కన మచ్చ కనిపించలేదా వాళ్లకి?

టంకం_బాషా
సెంటర్‌లో బోర్డు బాగుచేయరు సార్, మారుస్తారు. పాతది డబ్బాలో పెట్టి పైకి పంపుతారు. భూతద్దం పెట్టే తీరిక ఎవరికుంది.

రొయ్య_రాజా
మరి చీమలు?

టంకం_బాషా
చీమలు వేరే కేసు రాజన్నా. అవి ఉన్నాయి, కానీ హత్య చేసింది అవి కాదు.

అల్లూరు_అబ్బాయి
పది రోజుల తర్వాత రాస్తున్నా. బస్సెక్కి నెల్లూరు వెళ్లి బాషా భాయ్‌ని కలిశా. రెండు మాస్‌ఫెట్‌లు మార్చారు, తెగిన లైన్ మీద వెంట్రుకంత ఎనామిల్ తీగ వేసి టంకం పెట్టి, పైన ఆకుపచ్చ పూత పూసి లైటు కింద ఆరబెట్టారు. ప్రాసెసర్ దాకా 19 వోల్టులు పోలేదు కాబట్టి బతికింది అన్నారు. 2,500 తీసుకున్నారు. ఎడమ మూలన పొట్టి స్క్రూ పడింది. ర్యామ్ కూడా అదే వేసుకున్నా, రాత్రంతా ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రాం నడిపితే ఒక్క తప్పు కూడా రాలేదు.

గిత్తన్నా, వింటున్నావా?

ఒంగోలు_గిత్త
విన్నా. ర్యామ్ వేయకపోతే మూత తీసేవాడివి కాదు, తీయకపోతే స్క్రూ మారేది కాదు. కాబట్టి ర్యామే.

చేపల_పులుసు_99
ఒంగోలు గిత్త అని పేరు పెట్టుకున్నందుకు వెనక్కి తగ్గితే ఒట్టు.

అల్లూరు_అబ్బాయి
ఒక్క సంగతి మనసులో పీకుతోంది. సెంటర్ వాళ్లు రెండు బోర్డులు ఊరికే ఇచ్చారు. తప్పు నాదని ఇప్పుడు తెలిసింది. వెళ్లి చెప్పాలా?

పినాకిని_ప్యాసింజర్
నోరు మూసుకుని పని చేసుకో.

వాది_ప్రతివాది
చెప్పాల్సిన బాధ్యత చట్టంలో ఉందో లేదో పక్కన పెట్టండి, చెప్తే ఒరిగేదీ లేదు.

అద్దంకి_అక్క
చెప్పు బాబూ. డబ్బు కోసం కాదు. నీలాగా ర్యామ్ వేసుకుని స్క్రూలు మార్చినవాళ్లు ఇంకా వస్తారు, వాళ్లందరికీ ర్యామే అని చెప్పి పంపేస్తారు.

టంకం_బాషా
అక్క చెప్పింది నిజం. ఆ కుర్రాళ్లు చెడ్డవాళ్లు కాదు. స్క్రూ చూపించు, నల్ల మొన చూస్తే వాళ్లకే అర్థమవుతుంది.

అల్లూరు_అబ్బాయి
నిన్న వెళ్లా. కౌంటర్‌లో అమ్మాయి విని నవ్వింది, లోపల్నుంచి ఇంజనీర్‌ని పిలిచింది. ఆయన స్క్రూ వేళ్ల మధ్య తిప్పి తిప్పి చూసి, "ఇది నా దగ్గర ఉంచుకోనా" అన్నాడు. ఇచ్చేశా. బోర్డుల గురించి వాళ్లూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

రాజన్నా, ఎర్త్ పిట్ కూడా తవ్వించా. అమ్మ మళ్లీ తుడుస్తోంది.

రొయ్య_రాజా
నీళ్లు పోయడం మర్చిపోకు.

గ్రానైట్_పొడి
ఇది చదివి నేనూ టేపు తీసి, విప్పి, పుల్ల పెట్టి కొలిచి అన్నీ సరిగ్గా బిగించా. ఫ్యాన్ కూడా దులిపా. అన్ని రంధ్రాలూ నిండాయి గానీ చేతిలో ఒక స్క్రూ మిగిలింది. అది ఎక్కడిదై ఉంటుంది?

టంకం_బాషా
పొట్టిదా, పొడుగుదా?